చిన్నమ్మ గోలీ, నా సీసా

మా చిన్నమ్మ ఒంట్లె ఉన్నది మా అమ్మ కిడ్నీ. కోరుట్లల ఒకే గల్లీల ఎదురెదురు ఇండ్లు వాళ్లయి. పొద్దుగాల ఇంటిపని ఒడిసినంక ఇద్దరూ చాటలు ఒళ్లె పెట్టుకొని, ఎవరి గడపల వాళ్లు కూసొని బీడీలు చుట్టెటోళ్లు. మాటలు గల్లీ దాటి అటూ ఇటూ పోయేటియి. నడుమ సైకిల్ మోటర్ వస్తె ఆగి, అది పోయినంక మల్ల అదే మాట అందుకునేటోళ్లు. చిన్నమ్మకు పిల్లలు లేరు. చిన్నాయన మస్కట్‌ల కూలిపనికి పోయి రెండేండ్లకోసారి వచ్చేటోడు. అందుకే నేను రెండిండ్లకూ బిడ్డనే. ఏ ఇంట్ల కూర మంచిగుంటె ఆ ఇంట్ల తినేదాన్ని.

చిన్నమ్మకు ముందుగాల కాళ్లు ఉబ్బినయ్, తర్వాత ముఖం ఉబ్బింది. బీపీ అన్నరు, రక్తం తక్కువున్నదన్నరు. ఆఖరికి పట్నం పెద్దదవాఖానల రెండు కిడ్నీలూ చెడిపోయినయని చెప్పిన్రు. ఇచ్చేటోళ్లు ఎవరన్న ఉన్నరా అని డాక్టర్ ఇంక అడగనే లేదు, అమ్మ గాజులు పైకి జరిపి చెయ్యి ముందల పెట్టింది. "తియ్యి సార్ రక్తం. ఇద్దరం ఒక్క కడుపుల పుట్టినోళ్లం, కలువకపోతె ఎటు పోతది" అన్నది. కలిసింది. ఆపరేషన్ అయినంక వారం దినాలు ఇద్దరూ పక్కపక్క మంచాల మీద పండుకొని, లేచి నడవొద్దని చెప్పిన నర్సును సతాయించుకుంట గడిపిన్రు.

ఇంటికి వచ్చేటప్పుడు డాక్టర్ మస్తు జాగ్రత్తలు చెప్పిండు. మందిల తిరుగొద్దు, కాగిన నీళ్లే తాగాలె, బీడీల దుమ్ము ముక్కులకు పోవద్దు. చిన్నమ్మ చాట అటక మీదికి ఎక్కింది. అమ్మ తన చాట తీసుకొని ఇంటెనుక రేకుల షెడ్డు కిందికి మారింది. ఇగ గల్లీల మాట్లాడుకునేందుకు లేకపోయె. వంటింటి కిటికీల నుంచి ఒకామె, దర్వాజ నుంచి ఒకామె గట్టిగ అరిచి మాట్లాడుకునుడు మొదలుపెట్టిన్రు. ఊరంతకూ మా ఇంటి సంగతులు గప్పటి సందే తెలిసినయ్.

అన్నిటికంటె పెద్ద జాగ్రత్త మందు గోలీలు. ఒకరి అవయవం ఇంకొకరి ఒంట్లె పెడితే, ఒళ్లు దాన్ని పరాయిదనుకొని ఎగబడ్తది. అట్ల ఎగబడకుంట ఒంటిని సల్లగ ఉంచే గోలీ బతికినన్ని రోజులు వేసుకోవాలె. మొదలు ఇచ్చిన గోలీకి చిన్నమ్మ చేతులు వణుకుడు పట్టినయ్. ఒకప్పుడు చూడకుంట బీడీకి దారం చుట్టిన చేతులు, సూదిల దారం ఎక్కియ్యలేకపోయినయ్. ఆమె దాన్ని ఎవరికీ కనపడకుంట చీరె కొంగు కింద దాసుకునేది. డాక్టర్ చూసి మందు మార్చిండు. కొత్త గోలీకి వణుకుడు తగ్గింది గని నోట్లె పుండ్లు లేచినయ్. కారం తినలేక, పాలల్ల మక్కగట్క కలుపుకొని తినేది. "ఒకటి చేతులు తీసుకుంటది, ఒకటి నోరు తీసుకుంటది. పోనీ, నోరే తీసుకొమ్మను" అన్నది.

ఆ రోజులల్ల నేను ఎమ్మెస్సీ చదువు ఒడిసి, జగిత్యాలల ఒక చిన్న సర్కారు ల్యాబుల పనికి కుదిరిన. మా దిక్కు పసుపు పంటకు బూజుతోని వచ్చే దుంపకుళ్లు పెద్ద రోగం. మట్టిల ఉండే ఒకతీరు బ్యాక్టీరియా, తన పక్కకు బూజు రాకుంట ఏదో మందు విడుస్తది. అసొంటి బ్యాక్టీరియాను మా పొలాల మట్టిల దేవులాడుడు మా ప్రాజెక్టు. మల్యాల దిక్కు పసుపు చేన్లు, మక్క చేన్లు తిరిగి సంచులల్ల మట్టి తెచ్చేదాన్ని. నన్ను చూసి రైతులు, "ఏం బిడ్డా, మీ ఊళ్లె మన్ను దొరుకలేదా" అని నవ్వెటోళ్లు. ఆ మట్టిని నీళ్లల్ల కలిపి, పలుచన చేసి, గాజు పళ్లాల మీద పోస్తె నాలుగు రోజులకు తెల్లగ, బూడిదరంగుగ, సున్నం చుక్కలు పెట్టినట్టు మొలిచేటియి. మూత తీస్తె వాన పడ్డప్పటి మన్ను వాసన. ఆ వాసన ఆ బ్యాక్టీరియాదేనని మా మేడం చెప్పేదాకా నాకు తెల్వదు.

మేడం గుంటూరు దిక్కు మనిషి. యాభై దాటిన ఒంటరి మనిషి, జగిత్యాలల పదేండ్ల సంది ఉంటుండె. పొద్దున్నే అందరికంటె ముందు వచ్చి, తాళం తీసి, బల్లలు తనే తుడుసుకునేది. తప్పు చేస్తె కసురుకునేది గని, పగటిపూట నా టిఫిన్ డబ్బీల కూర తక్కువున్నదని తన డబ్బీల ముద్దపప్పు సగం నాకేసేది.

మా బ్యాక్టీరియా ఎంత పనిచేస్తున్నదో చూడాలంటె, పనిచేస్తదని తెలిసిన మందు ఒకటి పక్కకు పెట్టి కొలవాలె. దానికోసం మేడం ఒక సీసా తెప్పించింది. నా చిటికెన వేలు గోరంత సీసా. అడుగున పిండిగీత లెక్క తెల్లటి పొడి, చూస్తె ఉన్నదా లేదా అన్నంత. దాని పేరు రాపామైసిన్. ఆ పొడిని ఒక ద్రావకంల కరిగించి, కాగితం బిళ్ల మీద ఒక్క చుక్క వేసి, బూజుకు చుట్టమైన యీస్టు పెరిగే పళ్లెంల పెట్టినం. తెల్లారి చూస్తె పళ్లెమంత యీస్టు తెల్లగ కమ్ముకున్నది, బిళ్ల చుట్టు మాత్రం గుండ్రంగ ఖాళీ.

"చచ్చిపోయినయా మేడం?" అని అడిగిన.

"చావవు. తిండి చుట్టూ ఉన్నా, తిండి లేదనుకుంటాయి. పెరగడం మానేసి అలాగే ఉండిపోతాయి" అన్నది. ఆ మందు ఎక్కడిదో కూడ చెప్పింది. సముద్రం నడుమ, ఏ దేశానికీ దగ్గర లేని ఒక దీవి ఉన్నదట. అక్కడోళ్లు దాన్ని రాపా నుయ్ అంటరట. ఎవరో ఆ దీవి మట్టిని సీసాలల్ల పట్టుకపోతే, ఆ మట్టిల బ్యాక్టీరియా ఈ మందు చేస్తున్నదని తెలిసిందట. మొదలు బూజును ఆపే మందనుకున్నరు. తర్వాత చూస్తె, మనిషి ఒంట్ల కొట్లాటకు పోయే కణాలను కూడ ఆపుతదని బయటపడ్డది. "అందుకే కిడ్నీ మార్చినవాళ్లకి ఇస్తారు. మందుల షాపులో దీని పేరు వేరు. సిరోలిమస్ అంటారు."

నేను చేతిల పళ్లెం బల్ల మీద పెట్టిన. ఆ పేరు నేను చదివిన. చిన్నమ్మ గోలీల అట్ట వెనుక, చిన్న అక్షరాలల్ల.

ఆ ఆదివారం కోరుట్ల పోయి చిన్నమ్మకు గీ ముచ్చట చెప్పిన. ఆమె గోలీ అరచేతిల పెట్టుకొని ఎంతోసేపు చూసింది.

"అంటే నేను రోజు మన్ను తింటున్ననా?"

"మన్ను గాదు చిన్నమ్మా. మన్నుల ఉండే జీవి చేసిన మందు."

"అది దేనికోసం చేసుకున్నదో పాపం, నేను మింగుతున్న" అన్నది. జరసేపటికి మల్ల అడిగింది. "గది సరే గని బిడ్డా. నా ఒళ్లు ఈ కిడ్నీని పరాయిదనుకుంటది అంటరు గదా. మా అక్కదని తెల్వదా దానికి?"

"ఒంటికి సుట్టరికం తెల్వదు చిన్నమ్మా."

"ఏం చదువులో మీయి" అన్నది. గోలీ నోట్లె వేసుకొని, కాగిన నీళ్లు తాగి, ఆపరేషన్ దిక్కు కడుపు మీద చెయ్యి పెట్టుకొని నిమురుకున్నది. కొట్లాడుతున్న పిల్లలను ఊకోమన్నట్టు.

చిన్నమ్మకు ఆపరేషన్ అయి రెండేండ్లు నిండిన ఏడు, తెలంగాణ కోసం అందరూ సమ్మెకు దిగిన్రు. బస్సులు డిపోల నుంచి కదలలే. బడులు బందు, ఆఫీసులు బందు. బొగ్గుబాయిలల్ల పని ఆగి కరెంటు ఎప్పుడు వస్తదో, ఎప్పుడు పోతదో తెల్వకపోయె. మా ల్యాబు కూడ పేరుకే తెరిచున్నది. నేను పొద్దుగాల పోయి దీక్షా శిబిరంల జరసేపు కూసొని, తర్వాత ల్యాబుకు పోయేదాన్ని. మేడం తన కుర్చీల కూసొని పేపర్ చదువుకునేది. ఆ పేపర్ల సంగతులు మేమిద్దరం ఎన్నడూ మాట్లాడుకోలేదు. ఒక్కసారి మాత్రం, "శిబిరంలో ఎండకి కూర్చుంటున్నావు, నీళ్లు పట్టుకెళ్తున్నావా?" అని అడిగింది. తెల్లారి నా బల్ల మీద ఒక నీళ్ల సీసా పెట్టి ఉన్నది.

చిన్నమ్మను మందిల తిరుగొద్దన్నరు గదా, ఆమె శిబిరానికి పోలేకపోయె. గల్లీల ఊరేగింపు పోతె దర్వాజల నిలబడి, ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకొని, అన్నం తినే స్టీలు తలె మీద గంటెతోని కొట్టేది. ఎదురింట్ల నుంచి అమ్మ, "నా కిడ్నీ అదురుతది, నెమ్మది!" అని అరిచేది.

గోలీలు నెలకోసారి పట్నం మందుల షాపు నుంచి బస్సు పార్సిల్‌ల వచ్చేటియి. కోరుట్లల దొరుకవు, జగిత్యాలల దొరుకవు, కరీంనగర్ల అడిగితె ఆ పేరే కొత్తగ విన్నట్టు చూసిన్రు. బస్సులు బందయినంక పార్సిల్ రాలేదు. ఎవరన్న కార్లల్ల పోయేటోళ్లతోని తెప్పిద్దామని షాపుకు ఫోన్ చేస్తె, "అమ్మా, మా దగ్గరనే స్టాక్ అయిపోయింది. పైనుంచి లారీ రావాలె. నాలుగైదు రోజులు అంటున్నరు, నమ్మకం లేదు" అన్నడు.

అప్పటికి చిన్నమ్మ దగ్గర మూడు గోలీలున్నయ్.

ఆ సాయంత్రం ఆమె నాకు ఫోన్ చేసింది. మామూలుగ అయితె మిస్‌డ్ కాల్ ఇచ్చి ఊకుంటది, నేను చెయ్యాలె. ఆ రోజు తనే చేసింది.

"బిడ్డా, నీ దగ్గర ఉన్నది గదా, గదే మందు. సీసల."

"ఉన్నది చిన్నమ్మా. గని అది మనుషులకు పెట్టేది కాదు."

"నువ్వే అన్నవు గద రెండూ ఒకటేనని."

"మందు ఒకటే. గని ఇది ల్యాబు పని కోసం చేసింది. దాంట్ల ఇంకేం కలిసున్నదో మనకు తెల్వదు. దాన్ని కరిగించిన నీళ్లు లోపటికి పోతె ఏమైతదో తెల్వదు. ఎంత పెట్టాలెనో తెల్వదు. సీసా మీదనే రాసున్నది, మనుషులకు వాడొద్దని."

"యీస్టుకు పెట్టుడు తెలుసు. చిన్నమ్మకు పెట్టుడు తెల్వదు" అన్నది. కోపంగ అనలేదు. మెల్లగ అని ఫోన్ పెట్టేసింది. కోపంగ అన్నా బాగుండు.

తెల్లారి ల్యాబుకు పోయి డీప్ ఫ్రీజర్ తెరిచిన. కరెంటు పోయిన ప్రతిసారి మేడం ఐసు తెప్పించి, పెద్ద ఫ్లాస్కుల ఆ సీసాను కాపాడుకుంట వస్తుండె. ఆ గోరంత సీసాను వేళ్ల నడుమ పట్టుకొని నిలబడ్డ. వణికేటి చెయ్యి కొంగు కింద దాసుకున్న మా చిన్నమ్మ గుర్తుకొచ్చింది. ఇస్తనని గాదు. ఇయ్యనని తెలుసు. అయినా దాన్ని లోపట పెట్టబుద్ధి కాలే.

మేడం ఎప్పుడు వచ్చి వెనుక నిలబడ్డదో తెల్వదు. "మూత తీసి అలా నిలబడితే ఉన్న చలి కూడా పోతుంది" అన్నది. నా ముఖం చూసి, సీసా తనే తీసుకొని లోపట పెట్టి, మూత వేసింది. నన్ను కూసోబెట్టి అంత అడిగింది. చెప్పిన.

"ఇవ్వనన్నావు కదా. సరిగ్గా చేశావు" అన్నది మేడం. "ఇప్పుడు గోలీలు ఎక్కడున్నాయో వెతకాలి. మీ షాపతనికి మళ్లీ ఫోన్ చెయ్యి. ఈ జిల్లాలో ఇదే మందు వాడేవాళ్లు ఇంకెవరైనా ఉన్నారేమో అడుగు."

నాకు గీ ఆలోచన తట్టలేదు. షాపాయన జర ఆలోచించి, సిరిసిల్లల ఒక పెద్దమనిషి ఉన్నడని చెప్పిండు. ఆయననే ముందు అడిగి చెప్త అన్నడు. పావుగంటకు ఆయనే నాకు ఫోన్ చేసిండు, షాపాయన గాదు, సిరిసిల్ల పెద్దమనిషి.

"నువ్వేనా అమ్మా గోలీల కోసం అడిగింది? నా దగ్గరున్నయి. సమ్మె మొదలైతదని తెలిసి రెండు నెలలకు సరిపడ తెచ్చుకున్న. ఎట్ల వస్తవు మరి?"

ఎట్ల పోవాలెనో నాకు తెల్వదు. మేడం తన స్కూటీ తాళపుచెవి బల్ల మీద పెట్టింది. "ట్యాంకు నిండా ఉంది. నంబరు ప్లేటు మాత్రం గుంటూరుది. రోడ్డు మీద ఎవరైనా అడిగితే..." అని ఆగి, "ఏం చెప్తావో నీకే తెలుసులే" అన్నది. గేటు దాక వచ్చి, తన చున్నీ తీసి నా ముఖానికి కట్టింది, దుమ్ము పడొద్దని.

మల్యాల కాడ రోడ్డు మీద వంటావార్పు. రోడ్డుకు అడ్డంగ ఎడ్లబండి, దాని ముందల రాళ్లపొయ్యి, పొయ్యి మీద నా నడుమంత ఎత్తు బోగాణి. ఆడోళ్లు ఉల్లిగడ్డలు కోస్తున్నరు. గులాబీ కండువ కప్పుకున్న ఒకాయన స్కూటీ ముందల నిలబడి నంబరు చదివిండు.

"గుంటూరు బండి గదా ఇది?"

"మా మేడంది అన్నా. నాది కోరుట్ల. మా చిన్నమ్మకు కిడ్నీ మార్చిన్రు. గోలీలు ఒడుస్తున్నయి, సిరిసిల్లల ఇస్తమన్నరు." షాపుకు పేరు చెప్పేందుకు దాసుకున్న ఖాళీ గోలీల అట్ట నా బ్యాగుల ఉండె, తీసి చూపిచ్చిన.

ఆయన అట్టను అటూ ఇటూ తిప్పి చూసిండు. "మేడం బండి ఇచ్చిందా నీకు?"

"పెట్రోలు పోయించి ఇచ్చింది."

ఆయన అట్ట నాకు తిరిగిచ్చి, ఎడ్లబండి జరుపుమని కేకేసిండు. ఉల్లిగడ్డలు కోస్తున్న ఒక ముసలామె లేచొచ్చి, "జరుపుడు తర్వాత, పిల్ల ఎప్పుడు తిన్నదో ఏమో" అని నన్ను పట్టుకపోయి రోడ్డు పక్కకు కూసోబెట్టింది. విస్తరాకుల పప్పన్నం. ఉడుకుడుకుగ ఉన్నది. నేను తినేదాక ఆమె నా స్కూటీని పట్టుకొని నిలబడ్డది, ఎవరో ఎత్తుకపోతరన్నట్టు. ఇంతల కండువాయన ఒక పెద్ద కాగితం మీద ఎర్ర స్కెచ్ పెన్నుతోని 'మందుల కోసం పోతున్నది, విడువున్రి, జై తెలంగాణ' అని రాసి, ముందల హెడ్‌లైటు కింద అతికిచ్చిండు. ఆ కాగితం తర్వాత రెండు తావులల్ల నన్ను దాటిచ్చింది. ఒక తాన గుంటూరు నంబరూ, జై తెలంగాణ కాగితమూ ఒక్క బండికి చూసి ఒకాయన పడిపడి నవ్విండు.

వేములవాడ దాటి సిరిసిల్ల చేరేసరికి పగటాల్ల అయింది. సిరిసిల్లల బట్ట నేసే సాంచెలు నడిస్తె ఊరంత కటకటమని మోగుతుంటది, మనిషి మాట వినపడదు. ఆ రోజు కరెంటు లేదు. గల్లీలకు గల్లీలు సప్పుడు లేకుంట ఉన్నయి. సాంచెలు నడిపే కార్మికులు అరుగుల మీద కూసొని ఊకె ఒకరి ముఖం ఒకరు చూసుకుంటున్నరు.

ఆ పెద్దమనిషి నాలుగు సాంచెల ఆసామి. అరవై ఏండ్లుంటయి. ముక్కుకు కండువ కట్టుకొని దర్వాజ కాడనే నా కోసం నిలబడ్డడు. ఆయనకు కిడ్నీ ఇచ్చింది ఆయన ఇంటామె. నాకు చాయ్ ఇచ్చి, ఆమె గోడకు ఒరిగి నిలబడ్డది. ఆయన స్టీలు డబ్బీ మూత తీసిండు. గోలీల అట్టలు బట్టల చుట్టి పెట్టుకున్నడు. నేను మా ఖాళీ అట్ట తీసి పక్కకు పెట్టి చూసిన. మందు ఒకటే, ఒక గోలీల ఎంత మందో అదీ ఒకటే, కంపెనీ కూడ ఒకటే. అయినా పట్నం డాక్టర్‌కు ఫోన్ చేసి అట్ట మీద ఉన్నదంత చదివి వినిపిచ్చిన. అదే, వేసుకోవచ్చు అన్నడు. తారీఖు దాటలేదు గదా చూడుమన్నడు. చూసిన.

ఆసామి రెండు అట్టలు తీసి నా ముందల పెట్టిండు.

"రెండెందుకు?" అన్నది ఇంటామె. "ఒకటియ్యి. లారీ ఎప్పుడొస్తదో ఏమో. మనకు తక్కువ పడితె?"

నేను, "ఒకటి చాలు పెద్దమ్మా. పది రోజులల్ల వస్తయి" అన్న. ఆమె ముఖం నాకు అర్థమైంది. మా అమ్మ కూడ అట్లనే అడుగుతది. తన ఒంట్లెకెల్లి తీసి ఇచ్చిన మనిషి, దాన్ని కాపాడే గోలీని లెక్కవెట్టదా?

ఆమె లోపటికి పోయింది. నేను ఒక్క అట్టనే బ్యాగుల పెట్టుకున్న. లేచి చెప్పులు తొడుక్కుంటుంటె ఆమె బయటకొచ్చింది. రెండో అట్టను తనే కత్తెరతోని సగానికి కత్తిరించి, ఐదు గోలీలు నా చేతిల పెట్టింది. "ఆమెకు ఇచ్చింది ఎవరు, అక్కనా?" అని అడిగింది. ఔనన్న. "అక్కకు చెప్పు, బరువులు ఎత్తొద్దని. ఎవ్వరూ మనల్ని అడగరు. గోలీలు మింగేటోళ్లనే అడుగుతరు" అన్నది.

పోయే ముందు ఆసామి, చిన్నమ్మతోని మాట్లాడిపియ్యుమన్నడు. ఫోన్ కలిపి ఇచ్చిన. "చెల్లే, గోలీలు దొరికినయి, ఫికర్ చెయ్యకు. నోట్లె పుండ్లున్నయా నీకు? నాకూ ఉన్నయి. పండుకునేటప్పుడు కొబ్బరినూనె పెట్టు. నేను గట్లనే పెడుత" అన్నడు. అటు దిక్కు చిన్నమ్మ ఏమన్నదో, ఆయన కండువ తీసి మరీ నవ్విండు. ఇద్దరూ కారం ముచ్చట ఐదు నిమిషాలు మాట్లాడుకున్నరు. ఒకరికి మామిడికాయ తొక్కు యాదికొస్తె ఇంకొకరికి పచ్చిమిరపకాయ పులుసు యాదికొచ్చింది.

సిరిసిల్ల నుంచి మల్ల వేములవాడ వచ్చి, రుద్రంగి మీదికెల్లి కోరుట్ల చేరిన. పొద్దు ఇంక గుంకలేదు. గల్లీ మొదట్ల అమ్మ నిలబడి ఉన్నది. స్కూటీ ఆపంగనే నా బుగ్గల మీద దుమ్ము కొంగుతోని తుడిచి, బ్యాగు గుంజుకొని చిన్నమ్మ ఇంట్లెకు ఉరికింది. నేను లోపటికి పోయేసరికి, ఇద్దరూ మంచం మీద కూసొని పదిహేను గోలీలను రెండుసార్లు లెక్కపెట్టిన్రు. అమ్మ పెట్టినప్పుడు పద్నాలుగే వచ్చినయి. చిన్నమ్మ కొట్లాడి మల్ల లెక్కపెట్టిచ్చింది.

చిన్నమ్మ నన్ను పీట మీద కూసోబెట్టి జడ విప్పింది. చున్నీ కట్టినా తలంత దుమ్మే. కొబ్బరినూనె రాసుకుంట, చిక్కులు తీసుకుంట శానసేపు కూసున్నది. జరసేపటికి వెనుకనుంచి, "నువ్వు ఇస్తె నేను మింగుదును బిడ్డా. అందుకే నువ్వియ్యలేదు" అన్నది. నేను తల ఊపిన. ఊపితె దువ్వెన చిక్కుకుంటదని ఒక మొట్టికాయ పెట్టింది.

తెల్లారి స్కూటీ మేడంకు అప్పజెప్పిన. వారం దాటినంక లారీ వచ్చింది. సమ్మె ఆగినంక బస్సులు నడిచినయి. ఆసామి గోలీలు ఆయనకు తిరిగియ్యాలని అమ్మ, చిన్నమ్మ, నేను ముగ్గురం సిరిసిల్ల పోయినం. సాంచెలు నడుస్తున్నయి, ఎవరి మాట ఎవరికీ వినపడలేదు. అయినా అమ్మ, ఆసామి ఇంటామె వంటింట్ల రెండు గంటలు మాట్లాడుకున్నరు. బయటకొచ్చేటప్పుడు ఇద్దరి కండ్లూ ఎర్రగున్నయి. ఏం మాట్లాడుకున్నరో అమ్మ ఇప్పటికీ చెప్పదు.

తిరిగొచ్చేటప్పుడు జగిత్యాలల దిగి, అమ్మను కోరుట్ల బస్సు ఎక్కిచ్చి, చిన్నమ్మను ల్యాబుకు తీసుకపోయిన. అప్పటికి మందిల తిరుగొద్దన్న మాట జర సడలిచ్చిన్రు. మేడం ఆమెకు కుర్చీ వేసి, ఉతికిన తెల్లకోటు తొడిగింది. చిన్నమ్మ ఆ కోటుల డాక్టరమ్మ లెక్క కనపడ్డది గని ముడుచుకొని కూసున్నది. మేడం యీస్టు పళ్లెం తెచ్చి, నడుమల ఖాళీ గుండ్రం చూపిచ్చింది.

"ఇదమ్మా మీ మందు. చుట్టూ ఉన్నవి పెరక్కుండా ఆపేసింది."

చిన్నమ్మ పళ్లెంను కండ్ల దగ్గర పెట్టుకొని చూసింది. "పెద్దగ లేదు గదా" అన్నది.

మేడం నవ్వింది. నేను ఆమె గట్ల నవ్వంగ ఎన్నడూ చూడలేదు. తర్వాత పొద్దుగూకేదాక ఇద్దరూ గోంగూర గురించి మాట్లాడుకున్నరు. ఒకామె గోంగూర అనుడు, ఒకామె పుంటికూర అనుడు, అది ఒకటేనా వేరా అని పందెం. ఆఖరికి మేడం ల్యాబు వెనుకనే ఉన్న తన ఇంటి పెరట్ల నుంచి ఒక కట్ట కోసుకొచ్చి ఇచ్చింది, మంచిగ కడిగి, ఉడికిచ్చి తినుమని మూడుసార్లు చెప్పి.

మా ప్రాజెక్టు మూడేండ్లు నడిచింది. మా మట్టిల మేము వెతికినంత గొప్ప మందు ఏదీ దొరకలేదు. మల్యాల దిక్కు ఒక పసుపు చేను మట్టిల దొరికిన బ్యాక్టీరియా మాత్రం దుంపకుళ్లును జర మందగింపజేసింది. దానికి మేము ఒక నంబరు పెట్టినం. మేడం దాన్ని మాత్రం 'మల్యాల పిల్ల' అని పిలిచేది. తెలంగాణ వచ్చినంక ఉద్యోగులను అటూ ఇటూ పంచినప్పుడు ఆమె గుంటూరు దిక్కు పోయింది. నన్ను పిలిచి డీప్ ఫ్రీజర్ తాళపుచెవి ఇచ్చి, ఏ సీసా ఎక్కడున్నదో కాగితం మీద రాసి ఇచ్చింది. గేటు కాడ నిలబడి నేను ఏడిస్తె, "నీ నోట్‌బుక్కులో ఆఖరి రెండు పేజీలు పూర్తి చెయ్యలేదు" అని కసిరింది. ఆమె కండ్లల్ల కూడ నీళ్లున్నయి.

ఆసామి నాలుగేండ్ల కింద గుండెపోటుతోని పోయిండు. కిడ్నీ ఆఖరి దాక మంచిగనే పనిచేసిందని డాక్టర్లు చెప్పిన్రట. చిన్నమ్మకు ఇప్పుడు గోలీలు కొరియర్ల వస్తున్నయి. కారం జర జర తింటున్నది. చిన్నాయన మస్కట్ నుంచి వచ్చేసి గల్లీల కిరాణ దుకాణం పెట్టిండు. ప్రతి ఆదివారం పొద్దుగాల గోలీ వేసుకోంగనే చిన్నమ్మ సిరిసిల్లకు ఫోన్ చేస్తది. అటు దిక్కు ఆసామి ఇంటామె సాంచెల సప్పుడుల ఏం అంటున్నదో సగం వినపడదు. అయినా చిన్నమ్మ ఫోన్ పెట్టదు. స్పీకర్ పెట్టి గడప మీద పెడితె, ఎదురింట్ల నుంచి అమ్మ కూడ వచ్చి కూసుంటది.